పైసలు తీసుకుని మాయమైనవాడి అడ్రస్ పట్టుకోవడం ఎలా

వకీలు ముందు కూర్చున్న రెండో నిమిషంలోనే నేను నీళ్లు నమిలాను. ఇంటికి దర్వాజాలు, కిటికీలు చేసిస్తానని 42 వేలు అడ్వాన్సు తీసుకుని కనిపించకుండా పోయిన వడ్రంగి మీద దావా వేద్దామని పోయాను. ఫోన్‌పే రసీదులున్నాయి, 'రేపు తెస్త సార్' అని వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌లు ఓ ఇరవై ఉన్నాయి, షెడ్డు ఫొటో కూడా ఉంది. వకీలు సాబ్ అవేవీ చూడకుండా 'తండ్రి పేరేంది, ఏ ఊరు, ఇంటి నెంబరెంత' అని అడిగాడు. నాకు తెలిసింది ఒక పేరు, ఒక సెల్ నెంబరు, నల్లగొండ దేవరకొండ రోడ్డులో తాళం వేసున్న ఒక రేకుల షెడ్డు. 'షెడ్డుకు సమన్లు పంపిస్తే తాళం సంతకం పెట్టి తీసుకుంటదా?' అని నవ్వాడు.

ఆ తర్వాత నెలన్నర తిరిగి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. నల్లగొండ, పాలమూరు వైపు వాళ్లను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నా, ఎందుకంటే మనవైపు మనుషులు ఎక్కడ దొరుకుతారో ఎక్కడ దొరకరో మనకే తెలుస్తుంది.

కోర్టుకు కావాల్సిన అడ్రస్ ఇది

దావా కాగితంలో ప్రతివాది పేరు, వివరాలు, నివాసం రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డర్ 1వ రూల్ చెబుతుంది, తెలుసుకోగలిగినంత వరకు రాయాలనే మాట కూడా అందులోనే ఉంది. మన కాగితాల పద్ధతిలో అయితే ఫలానా, తండ్రి ఫలానా, వయసు, వృత్తి, ఇంటి నెంబరు, గ్రామం, మండలం, జిల్లా. ఈ వరుసలో తండ్రి పేరుకు ఉన్న బలం సెల్ నెంబరుకు లేదు. మనవైపు పేర్ల సంగతి తెలిసిందే కదా, యాదగిరిగుట్ట పుణ్యమా అని నల్లగొండ చుట్టుపక్కల యాదయ్యలు, యాదగిరిలు, నర్సింహలు వాడకు నలుగురుంటారు, పాలమూరులో కురుమూర్తి సామి పేరు పెట్టుకున్న కుర్మయ్యలు, చెర్వుగట్టు వైపు రామలింగయ్యలు. ఒక్క పేరు పట్టుకుని సమన్లు పంపితే అవి వేరే యాదయ్య ఇంటికి పోయి, ఆయన భయపడి ఇంకో వకీలును పెట్టుకుని, మీ దావా ఆర్నెల్లు వెనక్కి పోతుంది.

ఇంకోటి, టౌన్లో కిరాయి ఇల్లు ఏడాదికోసారి మారుతుంది, షెడ్డు మారుతుంది, సిమ్ము మారుతుంది. ఊరు మాత్రం మారదు. ఓటు అక్కడే, రేషన్ కార్డు అక్కడే, రైతుభరోసా పడే ఎకరమో అరెకరమో అక్కడే, తల్లి అక్కడే. అందుకే ఇప్పుడు ఎక్కడుంటున్నాడని రోజులకు రోజులు వెతికే బదులు ఏ ఊరోడని వెతకండి. నేను మొదటి ఇరవై రోజులు మొదటి పని చేసి పెట్రోలు తగలేశాను.

వెతకడం మొదలుపెట్టే ముందు తారీకు చూసుకోండి. అప్పు బాకీలకు, ప్రామిసరీ నోటుకు, ఇలాంటి అడ్వాన్సు వ్యవహారాలకు 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం మామూలుగా మూడేళ్ల గడువు. గడువు తేదీ రాయని ప్రామిసరీ నోటుకు నోటు రాసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, మీరు మొదటిసారి అడిగిన రోజు నుంచి కాదు. మధ్యలో ఆయన కొంత కట్టి తన చేతిరాతతో గానీ సంతకంతో గానీ రాసిచ్చినా, బాకీ ఉన్నానని సంతకం పెట్టిన కాగితం ఇచ్చినా ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అదీ పాత గడువు దాటకముందు జరిగితేనే. రెండేళ్ల పదకొండు నెలలు దాటిపోయి ఉంటే అడ్రస్ పూర్తిగా దొరికేదాకా ఆగొద్దు, తెలిసిన చివరి అడ్రస్‌తో దావా వేసేసి తర్వాత వెతకండి. గడువు దాటాక ఎంత చక్కటి అడ్రస్ తెచ్చినా వకీలు తల అడ్డంగా ఊపుతాడు.

మొదట మీ దగ్గరున్న కాగితాలు, ఫోను

నోటు రాయించుకుని ఉంటే సగం పని అయిపోయినట్టే, అందులో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. సాక్షి సంతకాలు పెట్టినవాళ్లు ఎక్కువగా ఆయన ఊరివాళ్లో బంధువులో అయ్యుంటారు, వాళ్లకు ఫోన్ చేయండి. చెక్కు ఇచ్చి ఉంటే దాని మీద బ్యాంకు బ్రాంచి పేరు ఉంటుంది, ఆ బ్రాంచి ఏ మండలంలో ఉందో చూస్తే ఊరు ఏ దిక్కో అర్థమవుతుంది. బ్యాంకువాళ్లను అడ్రస్ అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా, దాని కోసం మేనేజరుతో గొడవ పెట్టుకోవద్దు. ఫోన్‌పేలోనూ గూగుల్‌పేలోనూ కనిపించే పేరు బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు, చాలాసార్లు ఇంటిపేరుతో సహా ఉంటుంది. మా వడ్రంగిని అందరూ పిలిచే పేరు ఒకటి, ఫోన్‌పేలో వచ్చిన పేరు ఇంకోటి. ఆ ఇంటిపేరే తర్వాత నన్ను కాపాడింది.

వాట్సాప్ స్టేటస్‌లు, ఫేస్‌బుక్ ఫొటోలు కూడా ఓసారి తిరగేయండి. మనవాళ్లకు ఫ్లెక్సీల పిచ్చి ఉంది కదా, పుట్టినరోజు ఫ్లెక్సీ మీద ఊరి పేరు, యువజన సంఘం పేరు ఉండనే ఉంటాయి. పెళ్లి పత్రిక దొరికితే అంతకంటే ఏం కావాలి, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, మండలం, ఒక్కోసారి ఇంటి నెంబరుతో సహా అచ్చు వేయించి మరీ పంచుతారు. దశదిన కర్మ కార్డులు కూడా అంతే.

ఇక అన్నిటికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు మీలాగే ఆయన దగ్గర్నుంచి పైసలు రావాల్సినవాళ్లు. మీ ఒక్కరికే ఎగ్గొట్టి ఉంటాడని అనుకోకండి. ఉద్దెరిచ్చిన కిరాణం షాపు, టీ కొట్టు, షెడ్డు యజమాని, సరుకిచ్చిన దుకాణం, అందరినీ అడగండి. నాకు దారి దొరికింది టింబర్ డిపోలో. ఆ పేరు చెప్పగానే సేటు గల్లాపెట్టె కింది నుంచి ఒక పాత నోట్‌బుక్ తీసి, ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టిన లైను చూపించాడు, 18 వేల 600, పక్కనే ఊరి పేరు. 'మీకెంత?' అన్నాడు. 42 అన్నాను. 'కూసో, చాయ్ తాగు' అన్నాడు. అచ్చంపేట దగ్గర ఊరని, వాళ్ల నాయన కూడా వడ్లపనే చేసేవాడని, ఆయన పేరు ఇదని ఆ చాయ్ అయిపోయేలోపు చెప్పేశాడు.

తర్వాత ఓటరు లిస్టు

ఊరూ తండ్రి పేరూ తెలిశాక ఇంటి నెంబరు తెలుసుకోవడానికి ఓటరు జాబితా అంత సులువైనది ఇంకోటి లేదు, పైసా ఖర్చు లేదు, దొంగచాటు అసలే లేదు. రెండు దారులున్నాయి. ఎన్నికల సంఘం ఓటర్ సర్వీసెస్ పోర్టల్‌లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, నియోజకవర్గం కొట్టి వెతకడం ఒకటి. తెలంగాణ ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఆ ఊరి పోలింగ్ బూత్ జాబితా పీడీఎఫ్ దించుకుని కళ్లతో చూడడం రెండోది. నేను రెండోదే చెబుతా. మొదటి దాంట్లో స్పెల్లింగ్ ఒక్క అక్షరం తేడా వచ్చినా ఏమీ చూపించదు, మన పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఎవరి ఇష్టం వాళ్లది. తెలుగు జాబితాలో ఒక్కో గడిలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నెంబరు, వయసు ఉంటాయి. ఒకే ఇంటి నెంబరు మీద తండ్రి, తల్లి, అన్నదమ్ములు, వదినలు వరుసగా కనిపిస్తారు కాబట్టి మన మనిషి అవునో కాదో ఇట్టే తేలుతుంది. నేను చూసిన బూత్‌లో అదే పేరుతో ముగ్గురున్నారు. తండ్రి పేరు కలిసింది ఒక్కరికే, ఇంటి నెంబరు 2-31, ఇంటిపేరు ఫోన్‌పేలో చూసిందే.

ఇక్కడ ఒక తికమక ఉంది. ఓటరు లిస్టు నియోజకవర్గం ప్రకారం ఉంటుంది, పాత ఉమ్మడి నల్లగొండలో 12, పాత మహబూబ్‌నగర్‌లో 14. జిల్లాల గీతలు వీటికి సరిపోవు. మునుగోడు నియోజకవర్గంలోని చౌటుప్పల్ మండలం యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది, కల్వకుర్తి నియోజకవర్గంలోని ఆమనగల్లు రంగారెడ్డి జిల్లాలో ఉంది. లిస్టులో ఊరు కనిపించగానే జిల్లా ఇదేనని రాసేయకండి.

జాబితాలో లేకపోతే గాబరా పడొద్దు, ఓటు టౌనుకు మార్చుకుని ఉండొచ్చు. తండ్రి పేరు ఉందేమో చూడండి. తండ్రి ఇల్లు దొరికితే చాలు.

ఆ తర్వాత ఒక్కసారి ఊరికి పోవాలి

కంప్యూటర్ ముందు కూర్చుని తెచ్చిన అడ్రస్‌ను కళ్లతో చూడకుండా కోర్టులో వేయొద్దు. పాత ఇల్లు కూలిపోయి ఉండొచ్చు, ఆయనే చనిపోయి ఉండొచ్చు. చనిపోయినవాళ్ల మీద వేసిన దావా చెల్లదు, వారసుల మీద వేయాల్సి ఉంటుంది.

ఊళ్లో మొదట గ్రామ పంచాయతీ ఆఫీసుకే పోండి. ఇంటి పన్ను రిజిస్టర్‌లో ఇంటి నెంబరు, యజమాని పేరు ఉంటాయి. పంచాయతీ కార్యదర్శి ఉంటే ఆయన్నే మర్యాదగా అడగండి, ఉన్నదున్నట్టు చెప్పండి. కానీ ఏ ఇల్లు ఎక్కడో, ఎవరు ఎప్పుడొస్తారో నోటికి చెప్పేది కారోబారే, అంటే పంచాయతీలో పన్నుల రాతకోతలు చూసే మనిషి. నేను పోయినరోజు కార్యదర్శి మండలంలో మీటింగుకు పోయాడు, కారోబార్ ఒక్కడే కూర్చుని రసీదులు రాస్తున్నాడు. విషయం చెప్పాను. రిజిస్టర్ తీసి వేలు పెట్టి చూస్తూ, 'రెండు బై ముప్పై ఒకటి, వాళ్ల నాయన పేరు మీదనే ఉంది సార్, పన్ను గూడ రెండేండ్ల సంది కట్టలే' అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తండాల సంగతి వేరుగా చూసుకోవాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి. పాత ప్రామిసరీ నోట్ల మీద తండా అంతకుముందు కలిసున్న పెద్ద ఊరి పేరే ఉంటుంది, ఇప్పుడు తండా పేరు రాయకపోతే సమన్లు ఒక పంచాయతీ నుంచి ఇంకో పంచాయతీకి తిరుగుతుంటాయి. దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు వ్యవహారమైతే ఇది తప్పకుండా అడిగి రాసుకోండి, తండా పేరు, పంచాయతీ పేరు, మండలం, పోస్టాఫీసు, పిన్ కోడ్.

పోస్ట్‌మ్యాన్‌ను కలవడం మర్చిపోవద్దు. 'అన్నా, ఈ పేరు మీద ఉత్తరమొస్తే ఏ ఇంటికి ఇస్తవు?' అని అడిగితే చాలు, ఎందుకంటే రేపు మీ నోటీసు తీసుకుపోయేది ఆయనే.

చివరికి ఇంటికి కూడా పోయాను. ముసలమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. 'అవ్వా, కొడుకు ఉన్నడా?' అంటే, 'పట్నంల పని చేస్తుండు బిడ్డా, దసరాకొస్తడు' అంది. ఆమెకు కూడా నిజమే చెప్పాను, ఆయన నాకు పైసలివ్వాలని, కోర్టు కాగితం వస్తుందని, తీసుకుని కొడుక్కి చెప్పమని. ఆమె కాసేపు మాట్లాడలేదు, తర్వాత మంచినీళ్లు ఇచ్చింది. ఇట్లాంటి చోట గొంతు పెంచొద్దు, పదిమందిని వెంటేసుకుని పోవద్దు. అప్పు ఆమెది కాదు, పైగా బెదిరించారని మీ మీదే కేసు అయితే మీ దావా కంటే అదే ముందు నడుస్తుంది.

ఊరు తెలియకపోతే

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి మున్సిపాలిటీలో సొంతిల్లు ఉందని అనుమానం ఉంటే రాష్ట్ర మున్సిపల్ శాఖ వెబ్‌సైట్‌లో ఆస్తిపన్ను సెర్చ్ ఉంది, యజమాని పేరుతో గానీ ఇంటి నెంబరుతో గానీ వెతకొచ్చు. ప్లాటు కొన్నాడో అమ్మాడో తెలిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీస్తే డాక్యుమెంట్ నెంబరు వస్తుంది, ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీకి ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోవచ్చు, దాని మొదటి పేజీలోనే కొన్నవాళ్లు అమ్మినవాళ్ల తండ్రి పేరు, వయసు, నివాసం పూర్తిగా ఉంటాయి. రాష్ట్ర భూమి రికార్డుల పోర్టల్ భూభారతిలో సర్వే నెంబరు తెలిస్తే పట్టాదారు, తండ్రి పేరు చూడొచ్చు, ఇంటి అడ్రస్ రాదు.

ఎవరూ పెద్దగా వాడని దారి ఒకటుంది, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్. జిల్లా, కోర్టు ఎంచుకుని పార్టీ పేరుతో వెతికితే ఆ మనిషి మీద ఇప్పటికే ఎవరైనా కేసు వేశారేమో తెలుస్తుంది. ఉంటే ఆ కేసు నడిపే వకీలు పేరు కూడా అక్కడే ఉంటుంది, మీ వకీలు ఆయనతో ఒక్క మాట మాట్లాడితే సమన్లు ఏ అడ్రస్‌లో అందాయో తెలుస్తుంది. ఎగ్గొట్టే అలవాటున్న మనిషి మీద పాత కేసు ఉండే అవకాశం ఎక్కువే.

అవతలివాళ్లు షాపో కంపెనీయో అయితే మీ పని తేలిక. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నెంబరు ఉంటుంది, తెలంగాణదైతే 36తో మొదలవుతుంది, ఆంధ్రదైతే 37. దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో కొడితే అసలు యజమాని పేరు, వ్యాపార స్థలం అడ్రస్ వస్తాయి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కంపెనీ పేరు కొడితే రిజిస్టర్డ్ ఆఫీసు తెలుస్తుంది, సమన్లు అక్కడికి పంపొచ్చు. సరుకో సేవో కొని మోసపోయినవాళ్లయితే సివిల్ కోర్టుకు బదులు జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది, 2019 చట్టం వచ్చాక మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, గడువు మాత్రం రెండేళ్లే. నిజానికి నా వ్యవహారం కూడా అక్కడికే పోవాల్సింది, నాకు ఎవరూ చెప్పలేదు, అప్పటికే రెండేళ్లు దాటింది.

బండి నెంబరుతో అడ్రస్ వస్తుందని చాలామంది అనుకుంటారు. బండ్ల వివరాలు చూపించే సర్కారు యాప్ ఎం-పరివాహన్‌లో ఓనర్ పేరే చుక్కలతో సగం కనిపిస్తుంది, అడ్రస్ అసలే రాదు. ఆర్‌టీఐ పెడితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు.

వలస పోయినవాళ్లయితే

పాలమూరు వైపు ఇదే పెద్ద చిక్కు. బొంబాయి, పుణె, బెంగళూరు, పట్నం, మేస్త్రీ ఎక్కడికి తీసుకుపోతే అక్కడ, ఆర్నెల్లకో సైటు. అక్కడి అడ్రస్ వెతకడం దండగ, గుడిసెలకు నెంబర్లుండవు. ఊరి అడ్రస్‌ను శాశ్వత నివాసంగా, సైటు అడ్రస్ తెలిస్తే ప్రస్తుత నివాసంగా రెండూ రాయమని వకీలుకు చెప్పండి. సమన్లు ఎప్పుడు పంపించాలనేది కూడా మన చేతిలో ఉంది. దసరాకు, ఊరి జాతరకు, సర్పంచ్ ఎలక్షన్లకు మనిషి వచ్చి తీరుతాడు. వాయిదా తారీకు, బట్టా కట్టే రోజు అవి చూసుకుని పెట్టించుకోవచ్చు. బట్టా అంటే సమన్లు పంపడానికి కోర్టులో కట్టే ఫీజు, అది కట్టడం మర్చిపోతే సమన్లు కదలనే కదలవు, దావా కొట్టేసే ప్రమాదం కూడా ఉంది. ఆ కాగితం పట్టుకుపోయే కోర్టు మనిషికి ఇంటి గుర్తులు చెప్పండి, వాటర్ ట్యాంకు ఎదురుగా, పోచమ్మ గుడి పక్క సందు, ఇట్లా. పోయేరోజు ఊళ్లో మీకు తెలిసిన మనిషి ఎవరైనా ఉండి ఇల్లు చూపిస్తే ఇంకా మంచిది.

ఆయన దూరంగా ఉంటే దావా అక్కడికే పోయి వేయాలేమోనని కూడా టెన్షన్ పడకండి. ప్రతివాది ఉండేచోట వేయొచ్చు, వ్యవహారం జరిగిన చోట కూడా వేయొచ్చు. మాట్లాడుకున్నది, పైసలిచ్చింది నల్లగొండలో అయితే నల్లగొండ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు, సమన్లు ఆయన ఉండే జిల్లా కోర్టు ద్వారా పోతాయి. నాది అట్లే వేశారు. జిల్లాలు మాత్రం కొత్తవే రాయాలి. 2016 అక్టోబర్ 11న నల్లగొండ మూడయింది, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా. 2022 జూన్ నుంచి కోర్టులు కూడా కొత్త జిల్లాల వారీగా నడుస్తున్నాయి. పాత నోటు మీద మక్తల్, మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటే ఇప్పుడు రాయాల్సింది నారాయణపేట జిల్లా.

అడ్రస్ సరైనదో కాదో నోటీసుతో తేల్చుకోండి

దావాకు ముందు వకీలు నోటీసు ఒకటి పంపించండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు చేర్పించుకోవాలి. ఇది బెదిరింపు కోసమే అనుకోకండి, అడ్రస్‌కు పరీక్ష కూడా ఇదే. కవరు తిరిగొస్తే చింపి పారేయకండి, విప్పొద్దు కూడా, దాని మీద పోస్ట్‌మ్యాన్ రాసిన ముక్క చదవండి. 'తీసుకోను అన్నాడు' అని ఉంటే మీకు పండుగే, అడ్రస్ సరైనదే, మనిషి అక్కడే ఉన్నాడు. 'ఇంటికి తాళం' అని ఉంటే అడ్రస్ కరెక్టు, టైము తప్పు. 'వెళ్లిపోయాడు' అంటే ఒకప్పుడు అక్కడ ఉండేవాడు, చివరి నివాసంగా పనికొస్తుంది. 'అలాంటి మనిషి లేడు', 'అడ్రస్ సరిపోదు' అంటే మళ్లీ మొదటికి.

చెక్కు బౌన్సు అయితే ఇంత నిదానం కుదరదు. చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పోవాలి, నోటీసు అందాక ఆయనకు 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కేసు. అందుకే చెక్కు బ్యాంకులో వేయకముందే అడ్రస్ సరిచూసుకోండి. సరైన అడ్రస్‌కు పోస్టులో పంపితే, తీసుకోకుండా తిప్పి పంపినా అందినట్టే లెక్కని 2007లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అక్కడ బరువంతా 'సరైన అడ్రస్' అనే మాట మీదే.

ఎంత చేసినా దొరకకపోతే

అప్పుడు కూడా దావా ఆగిపోదు. మనిషి లేకపోతే అదే ఇంట్లో ఉండే పెద్దవాళ్లు, ఆడవాళ్లయినా సరే, సమన్లు తీసుకోవచ్చు, పనిమనిషికి ఇస్తే చెల్లదు. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే ఇంటి తలుపుకు అంటించి పోతారు. కావాలనే తప్పించుకుంటున్నాడని కోర్టుకు నమ్మకం కలిగితే 5వ ఆర్డర్ 20వ రూల్ కింద చివరిగా ఉన్న ఇంటి మీద, కోర్టు దగ్గర అంటించమని గానీ, ఆ ప్రాంతంలో చదివే దినపత్రికలో ప్రకటన వేయమని గానీ ఆదేశిస్తుంది. ఆ నమ్మకం కలగాలంటే మీరు నిజంగా వెతికినట్టు రుజువు ఉండాలి. తిరిగొచ్చిన కవర్లు, ఓటరు లిస్టు పేజీ, ఊరికి పోయిన తారీకు, ఎవరిని అడిగారో రాసిన కాగితం, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. పేపరు ప్రకటన ఖర్చు మీదే, చిన్న బాకీకి అది గిట్టుబాటు అవుతుందో లేదో ముందే లెక్క వేసుకోండి. ఆయన సర్కారు ఉద్యోగి అయితే ఇంత తిప్పలు అక్కర్లేదు, ఆఫీసు పెద్ద ద్వారానే సమన్లు ఇప్పించొచ్చు.

కాల్ రికార్డులు, ఆధార్ వివరాలు తెప్పిస్తామని పైసలడిగే వాళ్లుంటారు, దగ్గరికి రానీయకండి, అది నేరం. కొరియర్ బాయ్‌నని, బ్యాంకు నుంచని అబద్ధం చెప్పి అడ్రస్ లాగడం కూడా వద్దు. దొరికిన అడ్రస్‌ను ఫొటోతో సహా వాట్సాప్ గ్రూపుల్లో 'దొంగ, జాగ్రత్త' అని తిప్పొద్దు, కోపం చల్లారుతుందేమో గానీ పరువు నష్టం కేసు మీద పడుతుంది.

దావాకు ముందే లోక్ అదాలత్‌కు పోయే దారి కూడా ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే వాళ్లే అవతలివాళ్లకు నోటీసు పంపుతారు, కోర్టు ఫీజు లేదు, రాజీ కుదిరితే వాళ్లిచ్చే అవార్డు కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, అప్పీలు లేదు. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును కూడా ఉచితంగానే ఇస్తారు. అక్కడ కూడా మొదట అడిగేది అవతలివాళ్ల అడ్రసే అనుకోండి.

నా దావాలో సమన్లు దసరా తెల్లారి అందాయి. తీసుకున్నది అవ్వే, వేలిముద్ర వేసింది. మూడు రోజులకు కొత్త నెంబరు నుంచి ఫోను, 'సార్, ఇంటిదాకా ఎందుకు పోయినరు, నన్నడిగితే అయిపోవు గద' అని. లోక్ అదాలత్‌లో కూర్చుని నెలకు 5 వేల చొప్పున ఒప్పుకున్నాడు, ఇప్పటికి 30 వేలు వచ్చాయి. టింబర్ డిపో సేటు నా దగ్గర ఇంటి నెంబరు రాసుకున్నాడు, అదే ఎర్ర పెన్నుతో.